కార్బెట్ చేతిలోని తేలిక తుపాకి

ఈ ప్రత్యేక సంచికకు గతించిన ప్రముఖులలో ఒకరి జీవితం రాయమని కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల మిత్రులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం మన రైల్వే మనిషినే ఎంచుకున్నాను. జిమ్ కార్బెట్ అనగానే అందరికీ పులులు గుర్తుకొస్తాయి గాని, ఆయన ఇరవై ఏళ్ళ పైచిలుకు రైల్వే సరుకు దింపించి, ఎక్కించిన మనిషి అన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన పుస్తకాలు చదివినప్పుడల్లా నన్ను పట్టి ఆపే విషయం ఒకటుంది. పెద్దపులి వేటకు పెద్ద తుపాకే కావాలని అందరూ నమ్మే రోజుల్లో, ఆయన తేలికపాటి రైఫిల్ ఒకదానిని ప్రాణానికి ప్రాణంగా ఎందుకు నమ్ముకున్నారు? ఆయన జీవితాన్ని ఆ తుపాకి వైపు నుంచి చెబుతాను.

కార్బెట్ 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. వేసవిలో కొండమీద నైనిటాల్, చలికాలంలో కొండ దిగువన కాలాఢుంగీ, ఇదీ వారి కాపురం. తండ్రి చిన్నతనంలోనే పోయారు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. అన్న టామ్ అడవిలో తిరగడం నేర్పారు. మొదట ఉండేలు, తరువాత మట్టి ఉండలు విసిరే విల్లు, ఆ తరువాత గొట్టం మూతి నుంచి మందు కూరే పాత తుపాకి చేతికొచ్చాయి. దానికి రెండు గొట్టాలుండేవి గాని ఒకటి పగిలిపోయింది. కొయ్యనూ గొట్టాన్నీ ఇత్తడి తీగ చుట్టి నిలబెట్టారు. ఒక్క గొట్టమే పనిచేసే తుపాకితో అడవిలో అడుగుపెట్టిన కుర్రవాడికి మొదటి దెబ్బ విలువ ఒంటబడుతుందని నా ఊహ.

బడిలో చదువుకునే రోజుల్లోనే క్యాడెట్ దళం నుంచి .450 మార్టినీ రైఫిల్ ఎరువు దొరికింది. మంచి గురి గలదే గాని పేల్చినప్పుడు వెనక్కి తన్నే తన్నుకు కుర్రవాడి భుజం అదిరిపోయేది. దానితోనే తన మొదటి చిరుతపులిని కొట్టారు.

ఇరవై ఏళ్ళు నిండకముందే బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో చేరారు. ఇంజన్లకు కట్టెలు సరఫరా చేయించే ఫ్యూయల్ ఇన్‌స్పెక్టరు పని. కొన్నాళ్ళకు గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు మార్పిడి కాంట్రాక్టు చేపట్టారు. దక్షిణపు ఒడ్డుకు బ్రాడ్ గేజి బండి వస్తుంది. ఉత్తరపు ఒడ్డు నుంచి మీటరు గేజి. మధ్యలో గంగ. ప్రతి బస్తా, ప్రతి పెట్టె మనిషి నెత్తిమీదే మారాలి. మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి సరుకు మార్పించడం ఎంత తలనొప్పో గుంతకల్లు గూడ్స్ షెడ్డులో పనిచేసిన నాబోటివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడి స్టేషన్ మాస్టరు రామ్ శరణ్‌తో కలిసి కూలీల పిల్లలకు, సిబ్బంది పిల్లలకు బడి కూడా పెట్టారు. ఆ కాలపు దొరల్లో ఇలాంటివారు అరుదు.

నరమాంసం మరిగిన పులుల వేట ఆయనకు జీతం పని కాదు, వినోదమూ కాదు. సర్కారు కబురు పెడితే కొండలకు వెళ్ళేవారు. 1907లో చంపావత్ ఆడపులి కబురు వచ్చినప్పుడు రెండు షరతులు పెట్టారు. ఆ పులి తలకు ప్రకటించిన బహుమతి రద్దు చేయాలి. అక్కడున్న మిగతా వేటగాళ్ళను వెనక్కి పిలిపించాలి. డబ్బుకోసం చంపేవాడినన్న పేరు ఆయనకు పడదు. పొరపాటున ఎవరి తూటాకో బలి కావడమూ ఇష్టం లేదు.

ఆ పులి నేపాల్‌లో 200 మందిని, కుమావూఁలో 236 మందిని, మొత్తం 436 మందిని పొట్టన పెట్టుకుంది. పగటిపూట కూడా తలుపులు తీయకుండా బిక్కుబిక్కుమంటూ బతికిన ఊళ్ళున్నాయి. కార్బెట్ ఊరివారిచేత అడవి కలియగట్టించి, డప్పులు, కేకలతో దానిని బయటికి తోలించారు. ఆయన వెంట ఉన్నవి మూడే తూటాలు. మూడూ అయిపోయాయి, గాయపడిన పులి ఇంకా ఎదురుగా నిలబడే ఉంది. పరుగెత్తి వెళ్ళి తహసీల్దారు చేతిలోని పాత తుపాకి లాక్కుని వచ్చి పేల్చారు. ఆ తుపాకి గొట్టానికీ వెనక దిమ్మకూ మధ్య సందుంది. తలకు పెట్టిన గురి పాదానికి తగిలింది. అంతకుముందు తగిలిన దెబ్బలకే పులి అప్పటికి ప్రాణం విడుస్తోంది కాబట్టి సరిపోయింది.

పులిని పరీక్షించి చూస్తే కుడివైపు కోరపళ్ళు, పైదీ కిందిదీ, విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకి దెబ్బ అది. కోరలు లేని పులి దుప్పిని, పందిని పట్టుకోలేక మనిషి మీద పడింది. అంటే గురి తప్పిన ఒక్క తూటాకు ఊరూపేరూ తెలియని 436 మంది మూల్యం చెల్లించారు! వేట తుపాకి ఎంచుకోవడం అన్నది షోకు వ్యవహారం కాదని నేను అనుకునేది ఇందుకే. తుపాకి ఎంత పెద్ద తూటా విసురుతుందన్నది తరువాతి మాట. పెట్టిన చోట పెడుతుందా, ఆ తుపాకిని పట్టినవాడు దానితో పెట్టగలడా అన్నది ముందు మాట.

ఆ పులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హెవెట్ కార్బెట్‌కు ఒక రైఫిల్ బహూకరించారు. లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ, జర్మన్ మౌజర్ బోల్ట్ మీద తయారుచేసిన .275 రైఫిల్ అది. కొయ్యలో పొదిగిన వెండి బిళ్ళ మీద ఎవరు, ఎవరికి, ఎందుకు ఇచ్చారన్నది చెక్కించారు. బరువు సుమారు ఏడున్నర పౌన్లు, అంటే మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. కాలేజీలో ఎన్.సి.సి. చేసినవాళ్ళు .303 రైఫిల్ మోసే ఉంటారు. అది దాదాపు నాలుగు కిలోలు. కవాతు అయ్యేసరికి మా భుజాలు ఎలా లాగేవో గుర్తు చేసుకుంటే, ఆ అరకిలో తేడా విలువ తెలుస్తుంది.

ఇక్కడ కొంచెం తుపాకుల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో పులి వేటకు, ఏనుగు వేటకు దొరలు వాడేది జంట గొట్టాల పెద్ద రైఫిల్. అలాంటిది .450/400 ఒకటి కార్బెట్ దగ్గర కూడా ఉండేది. బరువు పది పౌన్ల పైమాటే. దాని తూటా 400 గ్రెయిన్లు, అంటే దాదాపు 26 గ్రాములు. రిగ్బీ తూటా 140 గ్రెయిన్లు, 9 గ్రాములు. మూడో వంతన్నమాట. జంట గొట్టాల తుపాకిలో గొప్ప సుగుణం ఒకటుంది. మొదటి దెబ్బ వేసిన మరుక్షణం రెండో దెబ్బ సిద్ధం. బోల్ట్ రైఫిల్‌లో పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. మీదికి దూకే పులి ఆ వ్యవధి ఇవ్వదు.

మరి బోల్ట్ రైఫిల్ ఎందుకు? జంట గొట్టాలు రెండూ ఒకే చోట దెబ్బ వేసేలా కూర్చాలంటే పనివాడు పేల్చి చూస్తూ, సర్దుతూ రోజుల తరబడి పనిచేయాలి. అందుకే దాని ఖరీదు ఆకాశంలో ఉండేది. దూరం పెరిగితే ఆ కూర్పు కూడా అంతగా నిలవదు. బోల్ట్ రైఫిల్‌కు ఒకటే గొట్టం. తూటా వెనక బోల్ట్ గట్టిగా బిగుసుకుంటుంది. అందువల్ల గురి నిలకడగా ఉంటుంది. మౌజర్ బోల్ట్‌కు ఒక పెద్ద కొక్కెం ఉంటుంది. తూటా అర నుంచి పైకి రాగానే దాని అంచును అందిపుచ్చుకుంటుంది. తుపాకి పక్కకు ఒరిగినా తూటా జారిపోదు. ఇక వెనక్కి తన్నే తన్ను తక్కువ. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. తన్నుకు భయపడినవాడు మీట నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుంటాడు, భుజం బిగబడతాడు. గురి అక్కడే చెడుతుంది. మరీ తేలిక చేసినా మళ్ళీ తన్ను పెరుగుతుంది. ఏడున్నర పౌన్లలో ఈ మధ్యస్థమైన తూటా అన్నది ఆ రెండింటికీ కుదిరిన రాజీ.

ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు ఇదే తూటాతో వందల ఏనుగులను కొట్టాడు. అది విని ఎవరైనా చిన్న తుపాకి చాలనుకుంటే పొరపాటే. బెల్ ఏనుగు పుర్రె లోపలి కట్టు అంతా కోసి చూసి, మెదడు ఎక్కడుందో తెలుసుకుని కొట్టేవాడు.

కార్బెట్ వేట ఏనుగు అంబారీ మీద కూర్చుని చేసేది కాదు. కుమావూఁ కొండల్లో ఒంటరిగా, కాలినడకన, రోజూ మైళ్ళకు మైళ్ళు ఎక్కుతూ దిగుతూ తిరగాలి. చీకటి పడే వేళకు చెయ్యి వణకకూడదు. తుపాకి బరువు ఆ వేళకే లెక్కలోకి వస్తుంది.

అది చౌగఢ్ ఆడపులి దగ్గర రుజువైంది. 64 మందిని చంపిన పులి అది. 1930 ఏప్రిల్‌లో కార్బెట్ దానికోసం ఒక వాగు వెంట దిగుతున్నారు. దారిలో ఒక రాత్రించర పక్షి గుడ్లు రెండు కనిపించాయి. ఆకారం వింతగా ఉందని ఎడమ చేతిలోకి తీసుకున్నారు. కుడి చేతిలో రిగ్బీ. పెద్ద బండ ఒకటి దాటి వెనక్కి తిరిగి చూస్తే, ఎనిమిది అడుగుల దూరంలో పులి పడుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది. తుపాకి ఛాతీకి అడ్డంగా, మూతి వేరే వైపుకు ఉంది. దాన్ని పులి వైపు తిప్పాలంటే ముప్పావు వలయం తిరగాలి. ఒక్క చేత్తో, కదులుతున్నట్టే తెలియకుండా, అంగుళం అంగుళంగా తిప్పారు. చెయ్యి బారున చాచాల్సి వచ్చింది. తుపాకి బరువు చేతిని కిందికి లాగుతోంది. పులి కన్ను ఆయన కన్ను మీదే ఉంది. మూతి సూటిగా రాగానే మీట నొక్కారు. పులి తల మెల్లగా ముందు కాళ్ళ మీద వాలిపోయింది.

తరువాత ఆయన దీన్ని తర్కించి చూసుకున్నారు. గుడ్లు లేకపోతే రెండు చేతులూ తుపాకి మీద ఉండేవి, పులిని చూడగానే గిరుక్కున తిరిగేవారు, అది దూకేది. తుపాకి తేలికది కాకపోతే ఒక్క చేత్తో ఆ తిప్పడం, చాచిన చేత్తో పేల్చడం సాధ్యమయ్యేవే కావు. పది పౌన్ల జంట గొట్టాల తుపాకి ఆ వేళ చేతిలో ఉంటే మనకు ఆ కథ చెప్పేవారు ఉండేవారు కారు. ఆ పులికి గోళ్ళు విరిగి, ఒక కోర విరిగి ఉంది. ఆ రెండు గుడ్లను ఆయన తిరిగి తీసుకెళ్ళి వాటి చోట పెట్టారు. అరగంటకు తల్లి పక్షి వచ్చి పొదుగుతోంది.

అంతకు నాలుగేళ్ళ ముందు రుద్రప్రయాగ చిరుతపులి కూడా ఈ రిగ్బీకే పడింది. 1918 నుంచి 1926 దాకా బదరీ, కేదార యాత్రికుల దారిలో 125 మందిని చంపిన చిరుత అది. గోలాబ్‌రాయ్ దగ్గర మామిడి చెట్టు మీద రాత్రుళ్ళ తరబడి కాచి కూర్చున్నారు. 1926 మే నెల మొదటి రోజు రాత్రి, ఎరగా కట్టిన మేక గంట మోగింది. తుపాకికి బిగించిన టార్చి వెలిగించి కొట్టారు. వెంటనే టార్చి ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియకుండానే తెల్లవార్లూ చెట్టు మీద గడిపారు. తెల్లవారి రక్తపు జాడ పట్టుకుని వెళితే కొద్ది దూరంలోనే చచ్చి పడి ఉంది.

అన్నిటికీ ఆ చిన్న తుపాకే వాడారని కాదు. 1938లో ఠాక్ ఆడపులిని సంధ్యవేళ ఎదుర్కొన్నప్పుడు చేతిలో ఉన్నది .450/400 జంట గొట్టాలదే. దగ్గరగా, మసక వెలుతురులో, రెండో దెబ్బ అవసరమయ్యే చోట పెద్దది. రోజంతా నడిచే చోట, సూటిగా ఒక్క దెబ్బ వేయగల చోట చిన్నది.

నడివయసు దాటాక తుపాకి కన్నా కెమెరా మీద ఆయనకు మక్కువ పెరిగింది. 1936లో ఏర్పడిన హెయిలీ నేషనల్ పార్కు వెనక ఆయన కృషి ఉంది. ఆయన మరణానంతరం దానికి ఆయన పేరే పెట్టారు. 1972 చట్టంతో మన దేశంలో పులి వేట నేరమైంది. మరుసటేడు ప్రాజెక్ట్ టైగర్ ఆ అడవిలోనే మొదలైంది.

1944లో మొదటి గొప్ప పుస్తకం కుమావూఁ నరభక్షక పులుల మీద వచ్చేనాటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు కాని అక్క మ్యాగీయే తోడు. 1947 నవంబరులో ఇద్దరూ కెన్యా వెళ్ళి న్యేరీలో స్థిరపడ్డారు. చోటీ హల్ద్వానీలో తన రైతులు సాగుచేసే భూమిని వారికే వదిలి వెళ్ళారు. 1955 ఏప్రిల్ 19న న్యేరీలోనే కన్నుమూశారు.

రిగ్బీ రైఫిల్ ఆయన పుస్తకాల ప్రచురణకర్తలైన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారి దగ్గరకు చేరింది. చాలా ఏళ్ళ తరువాత దాన్ని తయారుచేసిన కంపెనీయే తిరిగి సంపాదించుకుని, 2016లో ఒకసారి మన దేశానికి తెచ్చింది. ఆయన నడిచిన కొండల్లోకి అది మళ్ళీ వెళ్ళింది. వెండి బిళ్ళ ఇంకా కొయ్యలో అలాగే ఉంది.