అరుణాచలం గుహలో ఒక క్రైస్తవ సన్యాసి

అరుణాచలం గుహల వీడియో చూశారు కదా. టైమ్ సరిపోక అందులో చెప్పలేకపోయిన ఒక జీవితం ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ రోజూ ధ్యానం చేస్తాడు. ఇది తన విశ్వాసానికి ద్రోహం అవుతుందా అని ఒకరోజు నన్ను అడిగాడు. యోగా అందరిదీ, లైట్ తీసుకోమన్నాను. అభిషిక్తానంద స్వామి గురించి చదివాక నా జవాబు ఎంత తేలికదో తెలిసింది.

ఆయన అసలు పేరు ఆన్రీ ల సో. 1910లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో పుట్టారు. 19 ఏళ్లకే బెనెడిక్టైన్ మఠంలో చేరారు. 1948లో ఇండియా వచ్చారు, మళ్లీ ఫ్రాన్స్ వెళ్లనే లేదు.

1949లో భగవాన్ రమణుల దర్శనానికి వెళ్లారు. మొదట ఏమీ అనిపించక నిరాశపడ్డారు. తర్వాత జ్వరం పట్టుకుంది. అక్కడ చూసినదాన్ని తన మతం చట్రంలో ఇమడ్చాలని ఆ జ్వరంలోనూ మనసు ప్రయత్నించింది, కుదరలేదు.

1950లో కుళిత్తలై దగ్గర, కావేరి ఒడ్డున, ఫాదర్ మోన్షానిన్‌తో కలిసి శాంతివనం ఆశ్రమం పెట్టారు. కాషాయం కట్టారు. క్రీస్తు అంటే అభిషిక్తుడు అని అర్థం, ఆయన పేరు అందులోంచి వచ్చిందే. 1952 నుంచి అరుణాచలం గుహల్లో మౌనంగా కూర్చునేవారు. 1955లో తిరుక్కోయిలూరు దగ్గర జ్ఞానానంద గిరి స్వామిని కలిసి, ఆయన్నే గురువుగా భావించారు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. ధ్యానం లోతుకు వెళ్లేకొద్దీ నేను, నువ్వు అన్న తేడా కరిగిపోతుంటే ఇక ప్రార్థన ఎవరికి? క్రీస్తును వదిలేస్తున్నానా? ఈ భయం ఆయన్ను ఏళ్ల తరబడి నలిపేసింది, అదంతా డైరీలో రాసుకున్నారు. అయినా ధ్యానం మానలేదు, దివ్యబలిపూజా మానలేదు. 1964లో గంగోత్రి యాత్రకు వెళ్తే అక్కడా ఆ పూజ చేశారు.

1973 జూలైలో రిషీకేశ్‌లో బస్సు కోసం పరిగెడుతూ గుండెపోటుతో రోడ్డు మీద పడిపోయారు. ఆ స్థితిలోనే తాను ఇన్నాళ్లూ వెతికింది దొరికిందని ఆయనకు అనిపించింది. చావు బతుకులకు అతీతమైన ఎరుక అది. అదే ఏడాది డిసెంబర్ 7న ఇండోర్‌లో దేహం విడిచారు.

ఈ కథ మా ఫ్రెండ్‌కి చెప్పాను. ఆ భయం తప్పు కాదని, ఆ ప్రశ్నతోనే కూర్చోమని అన్నాను. వాదనతో తేలనిది ఆయనకు సాధనలో తేలింది, అదీ పాతికేళ్లకు. మనం పది నిమిషాలు కళ్లు మూసుకుని రిజల్ట్ ఏదని అడుగుతాం!

ఈసారి గిరిప్రదక్షిణకు వెళ్తే ఆ గుహల వైపు చూసి ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.

ఓం నమో భగవతే శ్రీ రమణాయ.