ఉపాధ్యాయుడు రహీముగారు

గోదావరికి ఈవల కరీంనగరమునందును, ఆవల ఆదిలాబాదునందును వరికోతలు ముగిసి చేలు ఖాళీయగు దినములలో పిల్లలు చిర్రగోనె, చెడుగుడు, బంతియాట ఆడుట మన పాఠకులెల్లరు ఎరిగినదే. ఆటలు చదువునకు విరోధములనియు, కేవలము పొద్దుపుచ్చుటకే యనియు తలచు పెద్దలు నేటికిని కలరు. అట్టివారికి సయ్యదు అబ్దుల్ రహీముగారి జీవితము చక్కని సమాధానము కాగలదని మా విశ్వాసము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, నగరములోని పాఠశాలలయందు ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. యౌవనమున తామును ఫుట్‌బాలు ఆడినవారే. కాని వారి ప్రతిభ ఆడుటయందుకంటె నేర్పుటయందే వికసించెను. బంతి దొరకినచో దానిని విడువక తానొక్కడే కొనిపోవలెనను చాపల్యము ఆటగాండ్రకు సహజము. దానిని మాన్పుటకై ఆయన బంతిని వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో పందెములు పెట్టించిరి. అలవాటులేని కాలితోనే తన్నవలెనని మరికొన్ని పందెములు నడిపించిరి. లెక్కలు నేర్పు పంతులు కఠినమైన లెక్కనే ముందుగా ఇచ్చినట్లుండెను ఈ పద్ధతి.

హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో భారతదేశమున చేరెను. పిమ్మట రహీముగారి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసుజట్టు బొంబాయి రోవర్సు కప్పును గెలిచి, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు నిలుపుకొనెను. 1950లోనే దేశపు జట్టునకును వారు శిక్షకులైరి. మరుసటి యేడు ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1–0తో ఓడించి స్వర్ణపతకము నందిరి.

పిమ్మట పరాభవమును కలిగెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్సునందు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడితిమి. ఆ చలినేలపై మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. ఆ ఓటమి తరువాతనే ఆటగాండ్రకు బూట్లు నిర్బంధము చేయబడెను. నాలుగేండ్లకు మెల్బోర్నునందు అదే దేశము ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, నాలుగవస్థానము నొందెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతదూరము పోయిన తొలి ఆసియాదేశము మనదే.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. ఇజ్రాయేలు, తైవానులను రానీయకపోవుటను భారతప్రతినిధి యొకరు విమర్శించినందున అచ్చటి జనులు మనవారిపై ఆగ్రహించియుండిరి. గోలు కాచు తంగరాజు జ్వరమునుండి తేరుకొనుచుండెను. రక్షణపంక్తికి చెందిన జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడెను. రహీముగారు అతనిని దాడిపంక్తికి మార్చి ఆడించిరి. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాపై మనవారు 2–1తో నెగ్గిరి. ఆ రెండు గోలులలో నొకటి జర్నైల్ సింగుదే. అప్పటికే క్యాన్సరు వ్యాధి రహీముగారి దేహమును క్షీణింపజేయుచుండెను. 1963 జూను 11వ తేదీన, ఏబదినాలుగేండ్లు నిండకమునుపే వారు పరమపదించిరి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల లభింపలేదు. 1970లో కాంస్యము మాత్రము వచ్చెను.

రహీముగారు జాగీర్దారులు కారు, ధనవంతులు కారు. వారికి సాధనములు బడిపిల్లలు, ఒక బంతి, కొంత బయలు. నేడు పలుచోట్ల అట్టి బయళ్లే ఇండ్లస్థలములుగా మారుచున్నవి. ఉత్తర తెలంగాణమునందు భూవసతిగల పెద్దలకు మేము చేయు మనవి యొక్కటే. మీ ఊరి బడిప్రక్కనున్న నేలను అమ్మకమునకు పెట్టకముందు ఈ ఉపాధ్యాయుని తలచుకొనుడు. ఎకరమో, రెండెకరములో పిల్లల పేర విడువుడు. ఆటయందు ఆసక్తిగల పంతులొకడు లభించినచో మిగిలినపని అతడే చూచుకొనగలడు.