నిర్మాణ కూలీల భద్రత: బాబాసాహెబ్ వేసిన పునాది

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అనగానే మనకు రాజ్యాంగం, మహద్ చెరువు, రిజర్వేషన్లు గుర్తుకొస్తాయి. 1942 జూలై నుంచి 1946 జూన్ దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా పనిచేసిన నాలుగేళ్ల గురించి మాత్రం మన సభల్లో తక్కువగా మాట్లాడుకుంటాం. ఆ నాలుగేళ్లను మళ్లీ చదవాల్సిన రోజులివి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం కూడా అందులో ఉంది. తెల్లారకముందే అడ్డా మీదికి చేరే మన అక్కలకు, అన్నలకు ఈ మార్పు ఏం మిగులుస్తుందో అర్థం కావాలంటే, అసలు కూలి మనిషి ప్రాణం చట్టం లెక్కలోకి ఎలా వచ్చిందో తెలియాలి. ఆ కథలో పెద్ద భాగం బాబాసాహెబ్ జీవితమే.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. పదవీ విరమణ తర్వాత ఆయన సతారా జిల్లా గోరేగావ్‌లో క్యాషియర్‌గా పనిచేశారు. కరువు బాధితులకు పని కల్పించడానికి బొంబాయి ప్రభుత్వం అక్కడ ఒక చెరువు తవ్విస్తోంది. 1901లో సెలవులకు తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో రైలు దిగారు. మహర్లని తెలియగానే బండివాళ్లెవరూ వాళ్లను ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే ఒప్పందం మీద కదిలారు. బండివాడు పక్కన నడిచొచ్చాడు. వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్న సంగతి ఇది. కరువు పని జరిగే చోటికి వెళ్లే దారిలోనే ఆ పిల్లవాడికి అంటరానితనం ఏమిటో గట్టిగా తెలిసొచ్చింది. మన దేశంలో పని చోటునీ కులాన్నీ విడదీసి చూడలేమని ఆయన తర్వాతి జీవితమంతా చెబుతూనే వచ్చారు.

ఆయన కుటుంబం బొంబాయి పరేల్ ప్రాంతపు చాల్‌లలో, మిల్లు కార్మికుల మధ్య బతికింది. కొలంబియా, లండన్ చదువులు ముగించుకుని వచ్చాక కూడా ఆయన చాలా ఏళ్లు అక్కడే ఉన్నారు. ఆ మిల్లుల్లో కులం ఎక్కడ కూర్చుందో ఆయన దగ్గరగా చూశారు. కూలి ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి దళితులను రానిచ్చేవారు కాదు. నాడెలో దారం ఎక్కించడానికి దాన్ని నోటితో పీల్చాలి కాబట్టి, దళితుడి ఎంగిలి తగులుతుందని తోటి కార్మికులే అడ్డుపడేవారు. 1928లో బొంబాయి మిల్లుల సమ్మె సాగుతున్నప్పుడు ఆయన ఈ వివక్షను కార్మిక నాయకుల ముందు పెట్టారు. అదే ఏడాది బొంబాయి శాసన మండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో కొంత ప్రభుత్వమూ మోయాలని ఆయన వాదన.

1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937 ఎన్నికల్లో గెలిచి బొంబాయి శాసనసభకు వెళ్లారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన దళిత రైల్వే కార్మికుల సభలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులేనని చెప్పారు. సమ్మె హక్కుకు కళ్లెం వేసే పారిశ్రామిక వివాదాల బిల్లు వచ్చినప్పుడు, 1938 నవంబర్ 7న కమ్యూనిస్టులతో కలిసి ఒక రోజు సమ్మె నడిపారు. పని మానే హక్కు లేని మనిషి బానిసతో సమానమని సభలో వాదించారు. భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. బలంగా లేని పరంజా ఎక్కనని చెప్పే ధైర్యం కూలీకి ఉండాలంటే, అలా చెప్పినందుకు పని పోదన్న భరోసా ముందు ఉండాలి.

1942లో కార్మిక శాఖ ఆయన చేతికి వచ్చింది. గనులే కాక, సాగునీరు, విద్యుత్తు, ప్రభుత్వ భవనాలు కట్టే కేంద్ర పబ్లిక్ వర్క్స్ విభాగం కూడా అప్పట్లో ఆ శాఖ కిందివే. దామోదర్ లోయ, హిరాకుడ్ పథకాలకు తొలి రూపం ఇచ్చిన చర్చల్లో ఆయన పాత్ర ఉంది. అంటే కట్టించే ప్రభుత్వమూ ఆయన శాఖలోనే, కట్టే కూలీల బాగోగులూ ఆయన శాఖలోనే.

ఆయన పట్టుబట్టిన పద్ధతి ఒకటుంది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడాలి. ఆ త్రైపాక్షిక కార్మిక సదస్సు 1942 ఆగస్టులో ఢిల్లీలో మొదలైంది. 1946లో ఫ్యాక్టరీల చట్టానికి వచ్చిన సవరణ వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించింది. ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. అదే 1948లో ఈఎస్ఐ చట్టానికి దారి వేసింది. 1946 ఏప్రిల్‌లో ఆయన ప్రవేశపెట్టిన కనీస వేతనాల బిల్లు 1948లో చట్టమైంది. ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో రోడ్డు పనులు, భవన నిర్మాణం, రాళ్లు కొట్టే పని ఉన్నాయి. తట్ట మోసే మనిషి పని చట్టం జాబితాకెక్కింది.

1943 డిసెంబర్‌లో ఆయన ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనులకు వెళ్లారు. పైన కూర్చుని లెక్కలు చూసి రాలేదు, గని లోపలికి దిగారు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. బయటికి పోయే బొగ్గు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో కార్మికులకు ఇళ్లు, నీళ్లు, వైద్యం అందించాలన్నది దాని ఉద్దేశం. సంపద తయారైన చోటే శ్రమ వాటాను పక్కన పెట్టాలన్న ఈ ఆలోచనే యాభై ఏళ్ల తర్వాత నిర్మాణ రంగంలో సెస్సుగా తిరిగి వచ్చింది.

ఇదే కాలంలో మనల్ని ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. స్త్రీలను భూగర్భ గనుల్లో పనిచేయించడం మీద 1937 నుంచి ఉన్న నిషేధాన్ని యుద్ధ కాలపు బొగ్గు కొరత పేరుతో 1943లో ప్రభుత్వం ఎత్తేసింది. ఆ నిర్ణయాన్ని సభలో సమర్థించాల్సింది కార్మిక శాఖ సభ్యుడిగా బాబాసాహెబే. మహిళా సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 1946 ఫిబ్రవరి 1 నుంచి నిషేధం మళ్లీ అమలైంది. దీన్ని దాచిపెట్టి ఆయన జీవితం చెప్పడం ఆయనకు గౌరవం కాదు. అవసరం అనే మాట వచ్చినప్పుడు మొదట సడలేది పేదల భద్రతే. అంతటి మనిషి ఆ కుర్చీలో ఉన్నప్పుడు కూడా అదే జరిగింది. కాబట్టి కుర్చీలో ఎవరున్నా బయటి నుంచి అడిగే గొంతు ఆగకూడదు.

ఆ తర్వాత రాజ్యాంగం వచ్చింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 24వది పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంది. కార్మికుల ఆరోగ్యాన్ని, శక్తిని దుర్వినియోగం చేయరాదని 39వది, మానవీయమైన పని పరిస్థితులు కల్పించాలని 42వది ప్రభుత్వానికి చెప్పాయి. 1951లో ఆయన కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు.

నిర్మాణ కూలీకి మాత్రం చాలాకాలం ఫ్యాక్టరీ చట్టం అందలేదు. కట్టడం జరిగే చోటు ఫ్యాక్టరీ కాదు. పని అయిపోగానే మేస్త్రీ మారతాడు, ఊరు మారుతుంది. డ్యాములు, కాలువలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్‌కి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీల కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగాన్ని పని చోటికి తెచ్చింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని, నిర్మాణం 24వ అధికరణం చెప్పిన ప్రమాదకరమైన పనేనని తేల్చింది. కార్మిక సంఘాల సుదీర్ఘ పోరాటం తర్వాత 1996లో నిర్మాణ కార్మికుల చట్టం, సెస్సు చట్టం వచ్చాయి. 1998 నాటి కేంద్ర నిబంధనలు పరంజా, హెల్మెట్, సేఫ్టీ బెల్ట్, తవ్వకాల గురించి వివరంగా చెప్పాయి. సెస్సు వసూలైనా కార్మికుల కోసం సరిగా ఖర్చు కావడం లేదని 2018లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

ఇప్పుడు ఆ చట్టాల స్థానంలో కోడ్‌లు ఉన్నాయి. వాటిలో మంచివి లేవని మేం అనడం లేదు. నియామక పత్రం తప్పనిసరి అయింది. నిర్మాణ పనుల్లో సేఫ్టీ అధికారిని పెట్టాల్సిన పరిమితి 500 మంది నుంచి 250 మందికి తగ్గింది. కానీ కాంట్రాక్టు కార్మికులకు రక్షణ వర్తించే పరిమితి 20 మంది నుంచి 50 మందికి పెరిగింది. చట్టం పరిధి నుంచి మినహాయించే సొంతింటి పనుల ఖర్చు పరిమితి 10 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. పదిమందికి తక్కువ ఉన్న పనులు మునుపటిలాగే బయటే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. తనిఖీ చేసే చేతికే యజమానికి సలహా చెప్పే పని కూడా అప్పగించారు.

ఈ అంకెల వెనక మనుషులున్నారు. అడ్డా మీద నుంచి ఒక మేస్త్రీ తీసుకెళ్లే జట్టులో యాభై మంది ఉండరు. నలుగురో, ఎనిమిది మందో ఉంటారు. కాంక్రీటు తట్ట ఎత్తేవాళ్లలో, పునాది గుంతలో దిగేవాళ్లలో, పరంజా చివర నిలబడేవాళ్లలో మన పేటల నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో మన కళ్ల ముందే ఉంది. కులం అనేది పనుల విభజన మాత్రమే కాదని, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ చెప్పింది ఇక్కడ కనిపిస్తుంది. చట్టం ఒక అంకె దగ్గర గీత గీసిన ప్రతిసారీ, గీత అవతల మిగిలేది ఎక్కువగా అట్టడుగు మెట్టే.

కోడ్‌లు వచ్చిన తీరునూ ఆయన పద్ధతితో పోల్చి చూడాలి. త్రైపాక్షిక సదస్సు 46వ సమావేశం 2015 జూలైలో జరిగింది. భద్రతా కోడ్ 2020 సెప్టెంబర్‌లో, ప్రతిపక్షాలు సభను బహిష్కరించిన వేళ, పార్లమెంటు ఆమోదం పొందింది. ఆ అయిదేళ్లలో ఆ సదస్సు ఒక్కసారీ జరగలేదు. 1942లో యుద్ధం నడుస్తున్నా, వలస పాలనలో ఉన్నా కూలీల ప్రతినిధులకు బల్ల దగ్గర కుర్చీ వేశారు. స్వతంత్ర దేశంలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

ఏప్రిల్ 14కి, డిసెంబర్ 6కి మనం దండలు వేస్తాం, ర్యాలీలు తీస్తాం. వాటితో పాటు దగ్గరలోని అడ్డా దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. ఏడాదిలో 90 రోజులు పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి నిర్మాణ కార్మికుడి పేరూ సంక్షేమ మండలిలో నమోదయిందో లేదో అడుగుదాం. నియామక పత్రం ఇచ్చారా అని అడుగుదాం. చదువుకున్న విద్యార్థులు రాష్ట్ర నిబంధనలను చదివి, ఏ అంకె ఎవరిని బయట పెడుతోందో కూలీలకు వాళ్ల భాషలో చెప్పాలి. చిన్న జట్లకూ రక్షణ వర్తించేలా మార్చమని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ సంఘాలతో కలిసి నిలదీయాలి. బాబాసాహెబ్ గనిలోకి దిగి చూశారు. మనం కనీసం అడ్డా దాకా నడుద్దాం.

జై భీమ్.