హాజరుపట్టీయు, సవర బడియు

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు గుట్టలమీదను, వాని నానుకొనియున్న ఫిలింనగరునందును తెలుగు చలనచిత్ర పరిశ్రమ నెలకొనియున్నది. చిత్రనిర్మాణము మద్రాసు విడిచి ఇచ్చటికి తరలివచ్చిన తరువాత రాళ్లగుట్టలు స్టూడియోలైనవి, మేడలైనవి. ఆ మేడల చాటుననే బస్తీలును కలవు. ఇండ్లలో పాచిపని చేయువారును, కట్టడపు కూలీలును, చిత్రములలో గుంపునందు నిలుచు చిన్న వేషగాండ్రును ఆ బస్తీలలోను, దాపుననున్న కృష్ణానగరునందును కాపురముందురు. శ్రీకాకుళమునుండియు, పాలమూరునుండియు, ఒడిసానుండియు పొట్ట చేతబట్టుకొని నగరమునకు వచ్చినవారు వీరిలో ననేకులు. వీరి పిల్లల పేరులు బడిపట్టీ కెక్కును. పేరెక్కినంతమాత్రమున పిల్లవాడు బడిలో కూర్చుండునా? సోమవారము వచ్చినవాడు బుధవారము కానరాడు. పండుగకు స్వగ్రామము పోయినవాడు నెల గడచినను తిరిగిరాడు.

ఇట్టి పిల్లవానిగూర్చి మన పెద్దలు చెప్పు తీర్పు సాధారణముగా నొక్కటియే: తల్లిదండ్రులకు చదువుమీద శ్రద్ధ లేదు. ఇది మిక్కిలి సులభమైన తీర్పు. దానిని చెప్పువారికి శ్రమయు లేదు, వ్యయమును లేదు. పిల్లవాడు బడికి రాకున్నచో లోపమును ముందుగా బడియందే వెదకవలెనని తలచిన ఉపాధ్యాయుడొకరు నూరేండ్లకు పూర్వమే మన దేశమున నుండిరి. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆయన నెరుగని తెలుగువాడు లేడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ తెలుగు భాషా దినముగా జరుపబడుచున్నది. కాని ఆ ఉద్యమమునకు ముందే ఆయన ఆరంభించిన పని యొకటి కలదు. దానిని మనము తగినంతగా తలచుట లేదు. అందుచే నేడు దానినే ముచ్చటింపదలచితిమి.

పంతులుగారు 1863వ సంవత్సరమున శ్రీకాకుళమున కుత్తరముగా వంశధారాతీరముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు ఉద్యోగరీత్యా చోడవరము చేరి, 1875లో అచ్చటనే కాలధర్మము నొందిరి. పండ్రెండేండ్ల బాలుడు బంధువుల యాదరమున విజయనగరము చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. అచ్చట గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ పరీక్ష ముగిసినది. ఇంటిభారము నెత్తిన బడినది. పైచదువు సాగించు వీలు లేక 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతులకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా చేరిరి. తండ్రిని గోల్పోయి బంధువుల యండతో చదువుకొన్న బాలుడే ఉపాధ్యాయుడైనాడన్న విషయమును పాఠకులు మనస్సునం దుంచుకొందురు గాక.

పర్లాకిమిడి చుట్టు కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. పోడు కొట్టుకొని, కొండఫలసాయమును సంతకు దెచ్చి అమ్ముకొని జీవించు ప్రజలు వారు. వారి భాష తెలుగు కాదు, ఒడియాయు కాదు. ముండా కుటుంబమునకు జేరినది. సంతలో బేరమాడు వర్తకునితో, పన్ను వసూలుచేయు ఉద్యోగితో, కచ్చేరిలో న్యాయాధికారితో వారు మాటాడవలసినది పరభాషలోనే. చదువు రాని సవర అన్నిచోట్లను మోసపోవుచుండెను. వానికి చదువెవరు చెప్పుదురు? చెప్పినను ఏ భాషలో చెప్పుదురు? తెలుగు వాచకమును వాని చేతికిచ్చి, వాడు బడికి వచ్చుట లేదని వ్రాసికొనుటకు ఎట్టి పాండిత్యమును అక్కరలేదు.

పంతులుగారు ఆ మార్గము పట్టలేదు. తామే మొదట విద్యార్థులైరి. తెలుగును సవరయు రెండును వచ్చిన వ్యవహర్త నొకనిని తమ ఇంటనే యుంచుకొని సవర నేర్చుకొనిరి. ఆనాటి బ్రాహ్మణగృహమున ఇది సామాన్యమైన పని కాదు. సవర భాషకు లిఖితవాఙ్మయము లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. వినిన ప్రతి మాటను వ్రాసికొనుట, మరల అడిగి సరిచూచుకొనుట, కొండలెక్కి గూడెములలో పలుకుబడులను పోల్చుకొనుట: ఇవియే సాధనములు. ఆ కొండలు మన్యపు జ్వరమునకు పుట్టినిండ్లు. జ్వరమునకు క్వినైను సేవింపవలసివచ్చెను. దాని ఫలముగా పంతులుగారికి వినికిడి క్రమముగా తగ్గిపోయెను. పరుల మాట వినుటకై కొండలెక్కిన మనుజునకు చెవుడు ప్రతిఫలమైనది. ఐనను ఆయన పని మానలేదు.

భాష కొంత పట్టుబడగానే సవర పాటలను, కథలను కూర్చిరి. సవరలో వాచకములు వ్రాసిరి. తెలుగు సవర నిఘంటువును సిద్ధపరచిరి. పుస్తకములున్నంతమాత్రమున బడి కాదు. బడికి ఉపాధ్యాయుడు కావలెను. సవర రాని ఉపాధ్యాయుడు కొండమీద నిలువడు, నిలిచినను ప్రయోజనము లేదు. కావున పంతులుగారు ఉపాధ్యాయులను తామే తరిఫీదు చేసిరి. తమ సొంత సొమ్ముతో బడులు పెట్టి జీతములును తామే ఇచ్చిరి. సంస్థానపు పాఠశాలలో జీతము దీసికొను ఉపాధ్యాయుడు తన జీతమునుండి మరికొందరు ఉపాధ్యాయులకు జీతములిచ్చుట ఎట్టిదో గృహస్థులైన మన పాఠకులకు వేరుగ జెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వమువారు ఆయన సవర పుస్తకములను ప్రకటింపబూని పారితోషిక మీయబోగా, ఆయన దానిని వలదని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టింపుడని కోరిరందురు. 1913లో ప్రభుత్వము ఆయనకు బిరుదమిచ్చి గౌరవించినది. ముప్పది యైదేండ్ల కృషికి ఫలముగా సవర వ్యాకరణము 1931లోను, సవర ఇంగ్లీషు కోశము 1938లోను ప్రభుత్వ వ్యయముతో అచ్చువడినవి.

ఇక రెండవ ఘట్టము. యేట్సుదొర ఉత్తరాంధ్ర పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిరి. పిల్లలు మాటాడు తెలుగొకటి, పుస్తకములోని తెలుగొకటి యగుటకు కారణమేమని ఆయనకు సందేహము గలిగెను. ఆ సందేహమునకు సమాధానము చెప్పగలవారు పర్లాకిమిడిలో నుండిరి. సవర బాలునివద్ద గ్రహించిన సత్యమే తెలుగు బాలునివద్దను పంతులుగారికి కనబడెను. కొండమీది పిల్లవానికి తెలుగు వాచకమెట్టిదో, మైదానమున రైతుబిడ్డకు కావ్యభాషలోని వాచకము నట్టిదే. ఇరువురును బడిలో పరభాషకు లోబడి కూర్చుండవలసినవారే. గురజాడవారు, యేట్సుదొర, పి.టి. శ్రీనివాస అయ్యంగారు మున్నగువారితో గూడి పంతులుగారు ఆరంభించిన వివాదము ఆంధ్రదేశమును రెండు పక్షములుగా చీల్చినది. 1919లో ఆయన 'తెలుగు' అను మాసపత్రికను స్థాపించి వాదమును సాగించిరి. ఆ వివాదము నిచ్చట తిరుగదోడము. గ్రాంథికమును విడువజాలని మా వాక్యములు ఆయన మెచ్చునట్టివి కావని మాకు దెలియును. మా వంటివారు ఏ భాషలో వ్రాసికొన్నను ఆయన కంతగా పట్టింపు లేదేమో. పసిబిడ్డకు ఏ భాషలో చదువు చెప్పుదురన్నదే ఆయన బాధ. ఆ విషయమున ఆయనతో వాదించుటకు మావద్ద సమాధానము లేదు.

1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరిపోయెను. తెలుగువారికి అన్యాయము జరిగినదని పంతులుగారు ఆ పట్టణమును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఏబదియేండ్లకు పైబడి నివసించిన యూరిని ఆయన వార్ధక్యమున వదలుకొనిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. 1940 జనవరి 22న ఆయన పరమపదించిరి. సవర భాషాకృషిని కుమారులు సీతాపతిగారు కొనసాగించిరి.

భాష యొక్కటియే పిల్లవానిని బడికి రప్పించునని మేము చెప్పబోము. ఆకలియు, కూలియు, రోగమును అతనిని వెనుకకు లాగుచుండును. ఈ సంగతిని గ్రహించినవారు ఆ కాలముననే యుండిరి. తెలుగువారైన పిట్టి త్యాగరాయచెట్టిగారి అధ్యక్షతన మద్రాసు నగరసభ 1920లో థౌజండ్ లైట్సు పాఠశాల పిల్లలకు తలకు అణాకు మించని వ్యయముతో మధ్యాహ్నపు ఫలహారము పెట్టుటకు తీర్మానించినది. నేడు దేశమంతట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. అన్నము పిల్లవానిని బడి గుమ్మము దాటించును. దాటినవానిని రేపును, ఎల్లుండియు రప్పించునది వేరొకటి: తాను చెప్పునది ఉపాధ్యాయునికి అర్థమగుచున్నదన్న ధైర్యము, ఉపాధ్యాయుడు చెప్పునది తనకర్థమగుచున్నదన్న సంతోషము. ఈ రెండును లేని బడిలో పిల్లవాడు రోజంతయు మూగవానివలె కూర్చుండి, కొన్నాళ్లకు రాక మానును. మానినవానిని సోమరియందుము.

ఈ సత్యమును చట్టమును అంగీకరించినది. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలలందరికిని ఉచిత నిర్బంధవిద్యను విధించుటయే గాక, సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధింపవలెనని చెప్పుచున్నది. సవర మొదలగు గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఈ శతాబ్దపు తొలిదశకమున ఆంధ్రదేశమునను, ఒడిసాలోను ప్రభుత్వపు పథకములలో జేరినది. పంతులుగారు సొంత జీతముతో జేసిన పనిని ప్రభుత్వములు చేపట్టుటకు రమారమి నూరేండ్లు పట్టెను.

మరల ఫిలింనగరునకు వత్తము. అచ్చటి చలనచిత్రములు కోట్లమందిని రంజింపజేయుచున్నవి గదా, ఏ భాషతో? జనులు ఇండ్లలోను వీథులలోను మాటాడు తెలుగుతోనే. బడిలో అరగంట నిలువని పిల్లవాడు చిత్రము ముందర మూడుగంటలు కదలక కూర్చుండును. వానికి శ్రద్ధ లేదందురా? శ్రద్ధ కలదు; తనకు తెలియు మాట వినబడినచోట అది నిలుచుచున్నది. రామమూర్తి పంతులుగారి వాదమునకు ఇంతకంటె గొప్ప సాక్ష్యమక్కరలేదు. ఆ మేడలనీడలోని బడులకే ఆ సాక్ష్యము చేరకపోవుట విచారకరము.

కావున పాఠకులకు మా మనవి యిది. ఉపాధ్యాయులు తమ తరగతిలో ఎన్ని యిండ్ల భాషలున్నవో విచారింతురు గాక. వలసవచ్చిన పిల్లవాని యింటిమాటలు పది నేర్చుకొన్నను, ఆ పదిమాటలే అతనిని మరునాడు బడికి రప్పించును. మేడలలో నివసించువారు పనిమనిషిని కుదుర్చుకొనునప్పుడు ఆమె బిడ్డ ఏ బడిలో చదువుచున్నదో అడుగుదురు గాక. తల్లితోడ బిడ్డయు పనికి వచ్చినచో, చేతికి చీపురీయక బడికి పంపుదురు గాక. పల్లెలలో భూవసతి గలవారు పత్తిచేలకును, కోతలకును పిల్లలను పిలుచుట మానుదురు గాక. తక్కువ కూలికి దొరకిన పిల్లవాని చేతులవలన మిగిలిన సొమ్ము, అతడు పోగొట్టుకొన్న చదువునకు సరితూగదు.

కొండల సవరలు తమవద్దకు దిగివచ్చి చదువడుగుదురని పంతులుగారు పర్లాకిమిడిలో వేచి కూర్చుండలేదు. ఆయనయే ఎక్కిపోయిరి. వారి మాట నేర్చుకొని, పిదప తమ మాట నేర్పిరి. హాజరుపట్టీలో పిల్లవాని పేరున కెదురుగా రాలేదని గీత గీయుటకు పూర్వము, మనము అతనివైపున కెన్ని యడుగులు వేసితిమో లెక్కించుకొందుము గాక.