గ్రహణికి మందు కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు

నూజివీడునుండి ఏలూరు మీదుగా పోయి చేరదగిన భీమవరమున 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. ఆయన చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమునగాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్సవేళ ఖద్దరు అంగీ ధరించినందులకు ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పుచ్చుకొనవలసివచ్చెను.

ఆ కుటుంబమునకు తగిలిన పెద్ద దెబ్బ స్ప్రూ అను వ్యాధి. మన వైద్యులు గ్రహణి యనెడి రోగముల కోవలోనిదే యిది. తిన్న యన్నము వంటబట్టదు, విరేచనములు కట్టవు, నాలుక పూయును, నెత్తురు పలుచనై రోగి శుష్కించిపోవును. దీనివలన ఆయన సోదరు లిరువురు కొద్దిదినముల తేడాలో మరణించిరి. వైద్యము చదివినవాడు ఇంటనుండియు ఏమియు చేయజాలకపోయెను.

1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరి, రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు పొట్ట పోసికొనెను. హార్వర్డులో ఫిస్కేతో కలిసి నెత్తురులోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించెను. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరెను.

అప్పటికి ఆకుకూరలందును కాలేయమునందును ఒక జీవసత్త్వ మున్నదని శాస్త్రజ్ఞు లెరుగుదురు. నాలుగు టన్నుల పాలకూర పిండినను అమెరికా పండితులకు దక్కినది స్వల్పమే. ఆ ఫోలిక్ ఆమ్లమును సుబ్బారావు బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల కియ్యగా నెత్తురు పుంజుకొనెను. దానికి తోడుగా నేడు వాడెడి టెట్రాసైక్లిన్ తరగతి మందులలో మొదటిదగు ఆరియోమైసిన్‌ను సైతము, ఆయన పర్యవేక్షణ క్రిందనే డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు వెలికితీసెను. సోదరులను మ్రింగిన రోగమునకు రెండు మందులును ఒకే గూటినుండి వచ్చినవి!

ఇంతకంటె వింత మరియొకటి కలదు. బోస్టన్‌లో ఫార్బర్ అను వైద్యుడు నెత్తురు కాన్సరు గల పసివారికి ఫోలిక్ ఆమ్లపు జాతి మందు లియ్యగా, రోగము తగ్గుటకు మారుగా విజృంభించెను. మేలుచేయవలసినది కీడుచేసినచో, దాని విరోధి మేలుచేయవలెను గదా! లెడర్లీలో అట్టి విరోధి, అమినోప్టెరిన్, సిద్ధమయ్యెను. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది బాలలలో 10 మందికి గుణము కనిపించెను. అది తాత్కాలికమే, ఐనను అంతకుముందు ఆ మాత్రమును లేదు. దాని సోదరియగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

బోదకాలు పురుగులకు వాడు హెట్రజాన్ గూడ ఆయన బృందముదే. ఆ రోగము కోస్తావారికి క్రొత్తది కాదు.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, ఆయన న్యూయార్కులో నిద్రలోనే మరణించెను. స్వదేశమునకు తిరిగిరాలేదు. పిమ్మట 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరిడిరి.