టీ వద్దన్న ఆచార్యుడు

సాల్ట్ లేక్ వైపు మెట్రోలో వెళ్ళేవాళ్ళు బెంగాల్ కెమికల్ అనే స్టేషను చూసే ఉంటారు. అది ఒక మందుల కంపెనీ పేరు. దాన్ని పెట్టినది ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. ఆయన గొప్ప రసాయన శాస్త్రవేత్త అని పాఠంలో చదువుకున్నాం. కానీ టీ అంటే ప్రాణమిచ్చే ఈ కలకత్తాలో, టీ తాగవద్దని పత్రికల్లో గట్టిగా రాసిన మనిషి కూడా ఆయనే అని ఇక్కడికి వచ్చాకే మాకు తెలిసింది. మా ఇళ్ళలో ఇప్పుడు గ్రీన్ టీ కూడా చేరింది కనుక, ఆ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

ఆయన 1861 ఆగస్టు 2న రారులి అనే పల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. పిల్లల చదువు కోసం 1870లో కుటుంబం కలకత్తా వచ్చేసింది. ఆయన్ని హేర్ స్కూల్లో చేర్చారు. 1874లో తీవ్రమైన జిగట విరేచనాలు పట్టుకున్నాయి. బడి మాన్పించి ఊరికి తీసుకుపోయారు. తరగతి మధ్యలో బడి వదలడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆయనకు ఇంట్లో తండ్రి గ్రంథాలయం ఉంది. మంచం మీద నుంచే ఆ పుస్తకాలన్నీ చదివారు. జబ్బు మాత్రం పూర్తిగా వదలలేదు. అజీర్తి, నిద్రలేమి జన్మంతా వెంట ఉన్నాయి.

1882లో గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ వచ్చింది, ఎడిన్‌బరో వెళ్ళారు, 1887లో డి.ఎస్.సి. పట్టా తీసుకున్నారు. తిరిగి వచ్చి 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో నెలకు 250 రూపాయల జీతం మీద చేరారు. పాదరసంతో మెర్క్యురస్ నైట్రైట్ అనే కొత్త పదార్థం తయారుచేసి ప్రపంచంలో పేరు తెచ్చుకున్నారు.

కంపెనీ కథ మాకు బాగా నచ్చింది. 1892లో 700 రూపాయలతో అద్దె ఇంట్లోనే మొదలుపెట్టారు. సోడియం ఫాస్ఫేట్ తీయాలంటే ఎముకలు కావాలి. కసాయి దుకాణాల నుంచి పశువుల ఎముకలు తెప్పించి డాబా మీద ఎండబెట్టారు. వాన పడింది, ఎముకలు కుళ్ళాయి, కాకులు మూగాయి, ఇరుగుపొరుగు గొడవకు వచ్చారు. ఆ కంపెనీయే తర్వాత వాము అర్కు, అడ్డసరం మందు ఊరూరా అమ్మింది. మన బామ్మలు పొట్టనొప్పికి ఇచ్చే వామే!

పొట్ట బాగాలేని మనిషి కనుక రాయ్ తన ఆరోగ్యాన్ని గడియారం పెట్టినట్టు చూసుకున్నారు. వేళకు మితంగా తిండి, సాయంత్రం మైదానంలో నడక. ఇక టీ మీద ఆయనకు ఎందుకంత కోపం?

1903లో టీ తోటల యజమానులు అడగగా ప్రభుత్వం ఎగుమతి టీ మీద చిన్న పన్ను వేసింది. ఆ డబ్బు టీ ప్రచారానికి పోయేది. 1930లలో మన దేశంలోనే రైల్వేస్టేషన్లలో, సంతల్లో పోస్టర్లు పెట్టి, ఉచితంగా కప్పులు పోసి అలవాటు చేశారు. రాయ్‌కు కనిపించింది ఆఫీసు గుమాస్తా. విదేశాల్లో టీతో పాటు కడుపు నిండా తింటారు, ఇక్కడ చాలీచాలని జీతగాడు తిండికి బదులు టీ తాగి ఆకలి చంపుకుంటున్నాడని ఆయన బాధ. బిస్కెట్లు, టీ మాని మరమరాలు, అటుకులు, కొబ్బరి తినమన్నారు. టీని విషంతో పోల్చారు కూడా. అంత మాట మాత్రం మేము ఒప్పుకోము.

ఎందుకంటే టీ ఆకులో మంచీ ఉంది. గ్రీన్ టీకి కోసిన ఆకును వెంటనే ఆవిరిలోనో పెనం మీదో వేడి చేస్తారు. ఆకు నల్లబడదు, కెటెచిన్లు అనే పదార్థాలు ఎక్కువగా మిగులుతాయి. జపానులో ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనల్లో గ్రీన్ టీ బాగా తాగేవాళ్ళలో గుండెజబ్బు మరణాలు కొంత తక్కువగా కనిపించాయి. సన్నబడతారన్న ప్రకటనలకు మాత్రం అంత బలం లేదు.

కానీ రాయ్ పట్టుకున్న చోటు సరైనదే. పరగడుపున తాగితే కొందరికి వికారం, కడుపులో మంట. అన్నంతో పాటు తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్ర వేసుకునే అమ్మలు, అక్కలు టీకి కనీసం గంట ఎడం ఇవ్వాలి. ఇందులో కెఫీన్ ఉంది కనుక సాయంత్రం తర్వాత తాగితే నిద్ర చెడుతుంది, పిల్లలకైతే మరీను. రక్తం పలుచబడే మందులు వాడే తాతయ్యలు డాక్టరును అడగాలి. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు వేరే సంగతి. వాటి ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే కెటెచిన్ తీసుకుంటే కాలేయానికి హాని కలగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

టీ పోరులో రాయ్ ఓడిపోయారు, అది ఈ ఊళ్ళో ఏ మూల చూసినా తెలుస్తుంది. మిగతా పనుల్లో ఓడలేదు. 1922 ఉత్తర బెంగాల్ వరదల్లో సహాయానికి ముందు నిలిచారు. 1923లో మన కాకినాడ కాంగ్రెసు సభలకు వచ్చి ఖద్దరు ప్రదర్శన ప్రారంభించారు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆయన శిష్యులే. రసవాది నాగార్జునుడి పేరుతో విశ్వవిద్యాలయంలో బహుమతి పెట్టారు. 60 ఏళ్ళు నిండిన 1921 నుంచి జీతమంతా విశ్వవిద్యాలయానికే వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. రాజాబజార్ సైన్స్ కాలేజీలోనే ఒక గదిలో ఉండేవారు. చిన్నప్పుడు బతుకుతాడో లేదో అనుకున్న ఆ మనిషి 82 ఏళ్ళు బతికి, 1944 జూన్ 16న ఆ గదిలోనే కన్నుమూశారు.