తల్లీబిడ్డల సేవలో 47 ఏళ్లు: డాక్టర్ అన్నా కుగ్లర్

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని మన సంఘాలకు పురిటి బిడ్డను ఎత్తుకుని ప్రార్థన చేయించుకోవడానికి తల్లులు వస్తూనే ఉంటారు. సుఖప్రసవం అయినందుకు కృతజ్ఞతార్పణ చెల్లిస్తారు. కాన్పు ఆడదానికి పునర్జన్మ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాట అక్షరాలా నిజమైన రోజుల్లో తెలుగు స్త్రీల దగ్గరకు వచ్చిన ఒక వైద్యురాలిని ఈ వారం జ్ఞాపకం చేసుకుంటున్నాము.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో పట్టా పొందారు. ఇండియాలో వైద్య పరిచర్య చేయాలన్నది ఆమె భారం. అయితే ఆమెను పంపిన లూథరన్ మిషన్ అప్పటికి వైద్య సేవకు సిద్ధంగా లేదు. జెనానా స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపింది. ఆమె అలిగి ఆగిపోలేదు. 1883లో గుంటూరు చేరి, అప్పగించిన పని చేస్తూనే రోగులను చూశారు. మొదటి ఏడాదిలోనే 400 మందికి పైగా వైద్యం చేశారు. 1885 చివరలో గాని మిషన్ ఆమెను వైద్య మిషనరీగా నియమించలేదు.

పరదా చాటున ఉన్న స్త్రీలు మగ డాక్టరు చేత నాడి కూడా చూపించుకోని కాలమది. కాన్పు కష్టమైతే ఆ గడప దాటి లోపలికి వెళ్లగలిగేది మరొక స్త్రీ మాత్రమే. కులం, మైల అనే అడ్డుగోడలు వేరే ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి, ఓపికతో ఆమె ఆ గడపలు దాటారు. విరాళాలు కూడబెట్టి 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. తన భార్యకు అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు గారు రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. 1905లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఒక్కరి చేతులు ఎంతమందిని ఆదుకోగలవు? అందుకే ఆ ఆసుపత్రిలో తెలుగు యువతులకు నర్సింగ్ శిక్షణ ఇచ్చారు. అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచి, వెచ్చగా చుట్టి, ఊపిరి చూసి, తల్లి పాలు పట్టించడం నేర్చుకోవలసిన విద్య. జాలి ఒక్కటే బిడ్డను బ్రతికించదు.

1930 జూలై 26న ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు దేవునికి భయపడి మగపిల్లలను బ్రతకనిచ్చారు. వారి పేర్లు లేఖనంలో ఉన్నాయి, ఫరో పేరు లేదు. నేడు మన నగరంలో ఆసుపత్రులకు కొదువ లేదు. అయినా రాత్రి డ్యూటీలో పసికందుల పక్కన నిలబడే నర్సమ్మ కోసం మన సంఘం ఎన్నిసార్లు ప్రార్థించింది? నర్సింగ్ చదవాలని ఆశపడి, ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల మన వరుసల్లోనే ఉందేమో. ఈ ఆదివారం ఆమె పేరు అడిగి తెలుసుకుందాం.